ట్యాబ్ కొనేముందు వారం రోజుల పట్టీ

కంప్యూటర్‌కు బదులు ట్యాబ్ సరిపోతుందా అన్నది తేలాలంటే, కొట్టుకు వెళ్లేముందు ఒక తెల్లకాగితం కంప్యూటర్ పక్కన పెట్టుకోండి. సోమవారం నుంచి శనివారం దాకా చేసిన ప్రతి పనినీ ఒక్కో వరుసలో రాసి, ఎదురుగా ఒక అక్షరం వెయ్యండి. చదవడం, దిద్దడం, సంతకం చెయ్యడం, ఎవరికైనా చూపించడం అయితే 'చ'. ఒకే ఫైలు తెరుచుకుని టైప్ చేస్తే 'ట'. విండోస్‌లో మాత్రమే నడిచే పని అయితే 'వి'.

శనివారం సాయంత్రం లెక్క చూసుకోండి. 'వి' రోజూ పడుతుంటే ట్యాబ్ మీకు రెండో పరికరమే తప్ప కంప్యూటర్‌కు బదులు కాదు. వారానికి ఒకటి రెండు సార్లే పడితే దానికి దారులున్నాయి, కింద చెప్తాం. 'చ'లే ఎక్కువగా ఉంటే ల్యాప్‌టాప్ కన్నా ట్యాబే మేలు.

'వి' కింద ఏవి పడతాయో తెలియక చాలామంది మోసపోతారు. వ్యాపార లెక్కలు రాసే ట్యాలీ ప్రైమ్ విండోస్ ప్రోగ్రాము. ఎక్సెల్ ట్యాబ్‌లో ఉంటుంది కానీ మాక్రోలు (ఒక్క బటన్‌తో వరుసగా పనులు చేయించే ఆదేశాలు) నడవవు. మాక్రోల మీద ఆధారపడ్డ జీతాల షీటు తెరిస్తే అంకెలు కనిపిస్తాయి, బటన్ నొక్కితే ఏమీ జరగదు. డీఎస్‌సీ టోకెన్ (టీచర్ల పరీక్ష కాదు, పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ సంతకం) కంప్యూటర్‌లో డ్రైవరు, సంతకం పెట్టించే సాఫ్ట్‌వేరు ఉంటేనే పనిచేస్తుంది. ట్యాబ్‌కు గుచ్చితే లోపలికి దూరుతుందంతే. జీఎస్టీ రిటర్ను సొంత వ్యాపారానికైతే ఈవీసీతో, అంటే ఫోనుకు వచ్చే ఓటీపీతో, వెయ్యొచ్చు, దానికి ట్యాబ్ చాలు. కంపెనీకి, ఎల్‌ఎల్‌పీకి (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) డీఎస్‌సీ తప్పదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసే డీటీపీ (అచ్చు పుటలు కూర్చే పని) కూడా ఇదే గూట్లోది. ఆ ఫాంట్లు యూనికోడ్ (అన్ని పరికరాలూ గుర్తించే అక్షర పద్ధతి) కాదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మల్ని కూర్చుతాయి. పేజ్‌మేకర్ ఫైలు ట్యాబ్‌లో తెరుచుకోదు, ఆ ఫాంట్లతో కొట్టిన మాటల్ని అక్కడ అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి.

దిద్దుబాటుకు మాత్రం ట్యాబ్‌ను మించింది లేదు

తెలుగు పుస్తకాల్లో ఎక్కువగా వాడే 1/8 డెమీ పుట సుమారు 5.5 × 8.5 అంగుళాలు. 11 అంగుళాల ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే ఆ పుట అచ్చులో ఎంత ఉంటుందో తెర మీదా అంతే కనిపిస్తుంది. ఒత్తులు, దీర్ఘాలు అసలు కొలతలో కనబడతాయి కాబట్టి జూమ్ చెయ్యనక్కర్లేదు, పుటలో ఖాళీ ఎలా పడిందో కూడా తెలుస్తుంది. ఏ4 కాగితాలు చూసేవాళ్లకు ఇది కుదరదు. 16:10 తెర ఉన్న 11 అంగుళాల ట్యాబ్‌లో ఏ4 దాదాపు 70 శాతానికి కుదించుకుపోతుంది, అంటే 12 పాయింట్ల అక్షరం ఎనిమిదిన్నరలా కనిపిస్తుంది. కాంట్రాక్టులు, టెండరు పత్రాలు చదివేవాళ్లు 13 అంగుళాల 4:3 తెర చూసుకోవాలి. అక్కడ ఏ4 తొంభై శాతం దగ్గర నిలుస్తుంది.

దిద్దే వరుస ఇది.

1. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను అక్కడే తాకి తెరిచి దిద్దకండి. చాలాసార్లు అలా తెరుచుకునేది తాత్కాలిక కాపీ. రెండు గంటల పని చేసి మూసేశాక గీతలన్నీ మాయమయ్యేది ఇక్కడే. ముందు ఒక ఫోల్డరులో సేవ్ చేసి, 'ప్రూఫ్ 2' అని తేదీతో పేరు మార్చండి.

2. అక్రోబాట్ రీడర్, జోడో లాంటి యాప్ తెరిచి, దానిలోంచి ఆ ఫోల్డరుకు వెళ్లి ఫైలు తెరవండి. మొదటి పుటలో ఒక గీత గీసి, మూసి, మళ్లీ తెరవండి. గీత ఉంటేనే ముందుకు వెళ్లండి.

3. పెన్ను మందాన్ని బాగా తగ్గించండి. యాప్ మొదట ఇచ్చే లావు గీత ఒత్తు మీద పడితే అక్కడున్నది 'త' ఒత్తా 'న' ఒత్తా అన్నది డీటీపీ ఆపరేటరుకు తెలియదు. తప్పు అక్షరానికి చిన్న గీత పెట్టి, సరైన రూపాన్ని అంచులో రాయండి, కాగితం ప్రూఫుల్లో చేసినట్టే. అచ్చుతప్పులకు ఎరుపు, రచయిత మార్పులకు నీలం వాడితే ఏ మార్పు ఎవరి లెక్కలోదో తేలుతుంది.

4. పంపేముందు 'ఫ్లాటెన్' చెయ్యండి. అంటే గీతలు పుటలో కలిసిపోతాయి. ఇది చెయ్యకపోతే కొన్ని ప్రివ్యూల్లో గీతలు కనబడవు, అవతలివాళ్లు 'తప్పుల్లేవు' అనుకుని అచ్చు ప్లేట్లకు పంపేస్తారు. ఫ్లాటెన్ చేశాక గీతల్ని చెరపలేరు కాబట్టి దాన్ని కాపీ మీదే చెయ్యండి.

5. వాట్సాప్‌లో 'డాక్యుమెంట్'గా పంపండి. స్క్రీన్‌షాట్లు తీసి ఫోటోలుగా పంపితే అక్షరాలు నలిగిపోతాయి.

ఒక హెచ్చరిక: అను ఫాంట్ల పీడీఎఫ్‌లో తెలుగు మాట టైప్ చేసి వెతికితే దొరకదు. ఒకే తప్పు ముప్పై చోట్ల ఉన్నా కంటితోనే పట్టుకోవాలి. 'అన్నిచోట్లా' అని అంచులో రాసి వదిలేస్తే ఆపరేటరు మొదటి నాలుగూ మార్చి ఊరుకుంటారు.

పెన్ను విషయంలో చౌక పనికిరాదు. రబ్బరు మొన ఉన్న రెండు వందల రూపాయల స్టైలస్ వేలుకు బదులు మాత్రమే. అరచెయ్యి తెరకు తగిలితే అక్కడ కూడా గీత పడుతుంది. శామ్‌సంగ్ ఎస్ సిరీస్ ట్యాబులతో ఎస్ పెన్ పెట్టెలోనే వస్తుంది. యాపిల్ పెన్సిల్‌ను విడిగా కొనాలి, మీ ఐప్యాడ్ మోడల్‌కు ఏది సరిపోతుందో చూసి మరీ కొనాలి: రెండో తరం పెన్సిల్ ఎం4 చిప్ ఉన్న ఐప్యాడ్ ప్రోతో పనిచెయ్యదు, యూఎస్‌బీ-సి పెన్సిల్‌కు ఒత్తిడిని గుర్తించే శక్తి లేదు. దిద్దుబాటుకు ఒత్తిడి అక్కర్లేదు, బొమ్మలు వేసేవాళ్లకే అది కావాలి.

'ట' పనులకు

కీబోర్డు కొనేముందు కొట్టులోనే దాన్ని కలిపి తెలుగులో నాలుగు వాక్యాలు కొట్టి చూడండి. తెర మీది కీబోర్డులో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు ఉన్నవాళ్లకు, బయటి కీబోర్డు కలపగానే ఆ సౌకర్యం ఉంటుందన్న హామీ లేదు. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల మీటల అమరిక) వచ్చినవాళ్లకు ఈ బెడద తక్కువ. ఐప్యాడ్‌లో సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్ దారిలో తెలుగు చేర్చుకుంటే కంట్రోల్-స్పేస్‌తో భాష మారుతుంది. ఎస్కేప్ మీట లేకపోతే కమాండ్-చుక్క ఆ పని చేస్తుంది.

కొలతలో ఇంకో మెలిక ఉంది. వర్డ్, ఎక్సెల్ మొబైల్ యాప్‌లలో మామూలు ఎడిటింగు 10.1 అంగుళాలు, అంతకన్నా చిన్న తెరల మీదే ఉచితం. అది దాటితే మైక్రోసాఫ్ట్ 365 చందా కట్టాలి. పెద్ద ట్యాబ్ కొని ఇంటికొచ్చాక ఫైళ్లు చదవడానికే తెరుచుకుంటున్నాయని వాపోయేవాళ్లకు కారణం ఇదే. గూగుల్ డాక్స్‌కు ఈ గొడవ లేదు.

ర్యామ్ 8 జీబీ ఉండేలా చూడండి. 4 జీబీ ట్యాబ్‌లో సగం నింపిన ఫారం వదిలి వేరే యాప్‌కు వెళ్లి వస్తే పేజీ మళ్లీ మొదట్నుంచి లోడై, నింపిందంతా పోవచ్చు. మానిటరుకు కలపాలనుకుంటే 'డిస్‌ప్లేపోర్ట్ అవుట్‌పుట్' ఉందేమో అడగండి. యూఎస్‌బీ-సి రంధ్రం ఉన్నంత మాత్రాన బొమ్మ బయటికి రాదు. పొలాల సర్వేకు, జియోట్యాగ్ (తీసిన చోటు నమోదయ్యే) ఫోటోలకు వాడేవాళ్లు వైఫై ఐప్యాడ్ కొనకూడదు, దానిలో జీపీఎస్ చిప్ ఉండదు. సిమ్ మోడల్లోనే ఉంటుంది. యూపీఐ యాప్ నమోదుకు సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి, సిమ్ ఉన్న ఐప్యాడ్‌కైనా ఆ వీలు లేదు.

అప్పుడప్పుడూ పడే 'వి'కి దారి

ఆఫీసు కంప్యూటర్‌ను ట్యాబ్ నుంచి నడపడమే. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ అయితే విండోస్ హోమ్ ఉన్నా చాలు. విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్ కావాలంటే ఆ కంప్యూటర్‌లో విండోస్ ప్రో ఉండాలి. దానికోసం రౌటరులో 3389 పోర్టు బయటికి తెరవమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, రాన్సమ్‌వేర్ దొంగలు (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేవాళ్లు) ముందు తట్టే తలుపు అదే.

కంప్యూటర్ నిద్రపోకుండా పవర్ సెట్టింగులలో స్లీప్‌ను 'నెవర్' చెయ్యండి. కరెంటు పోయి వస్తే తనంతట తాను లేవడానికి బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే కంప్యూటర్ సెట్టింగులు) కరెంటు వచ్చాక ఆన్ అయ్యే ఆప్షన్ పెట్టండి. ఈ రెండూ మరిచిపోతే ట్యాబ్ పట్టుకుని ఊరెళ్లినా ఆఫీసులో బటన్ నొక్కడానికి ఎవరో ఒకరు వెళ్లాల్సిందే. ఇక ట్యాలీలో చెల్లింపుకు ఎఫ్5, రసీదుకు ఎఫ్6, అమ్మకానికి ఎఫ్8, కొనుగోలుకు ఎఫ్9 కావాలి. పై వరుసలో ఎఫ్ మీటలు లేని కీబోర్డుతో పది వోచర్లు వేసేసరికి విసుగొస్తుంది.

పని మధ్యలో ఆగిపోయేది ఎందుకు

తెర ఆరిపోగానే పెద్ద ఫైలు అప్‌లోడ్ ఆగిపోతే, అది నెట్ తప్పు కాకపోవచ్చు. బ్యాటరీ ఆదా కోసం ట్యాబ్ ఆ యాప్‌ను పడుకోబెట్టి ఉండొచ్చు. ఆండ్రాయిడ్‌లో ఆ యాప్ బ్యాటరీ సెట్టింగును 'అన్‌రెస్ట్రిక్టెడ్' చెయ్యండి. ఐప్యాడ్‌లో అప్‌లోడ్ పూర్తయ్యేదాకా ఆ యాప్‌ను తెర మీదే ఉంచండి. తిరిగే డిస్కు ఉన్న హార్డ్‌డ్రైవ్ కలిపితే కనబడకపోవడానికి కారణం సాధారణంగా ట్యాబ్ ఇచ్చే కరెంటు చాలకపోవడం. ఛార్జరు గుచ్చే వీలున్న హబ్ వాడితే ఎక్కువసార్లు సరిపోతుంది. పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చెయ్యండి, ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు.

ఎండాకాలం సంగతి వేరు. ఐప్యాడ్ వాడాల్సిన పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలని యాపిల్ చెప్తుంది. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఫ్యాను గది కూడా అంతకన్నా వేడి. తెర తనంతట తాను మసకబారుతుంది, ఛార్జింగు ఆగుతుంది. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి, దళసరి కేసులో ఉంచి ఛార్జి పెట్టకండి. రోజంతా ప్లగ్గులోనే ఉండే ట్యాబ్‌కు ఛార్జింగును 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఉంటే పెట్టుకోండి. వేడెక్కిందని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. కేసు తీసి, తెర ఆర్పి, ఫ్యాను కింద బోర్లా పెడితే చాలు.