ఊర్లో కరువు పనికి పోయే ముందు బెంగళూరు నుంచే చూసుకోవాల్సినవి

మారతహళ్లిలో మా పీజీలో వంట చేసే అక్కది కదిరి దగ్గర పల్లె, ఎండాకాలం ఊరికి పోయి కరువు పనికి, అదే ఉపాధి హామీ పనికి, పోతా అని బ్యాగు సర్దుకుంటే ఆగక్కా అని ముందు ఫోన్లో ఉపాధి హామీ సైటు తీసినా. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ నొక్కుతూ పోతే జాబ్ కార్డుల లిస్టు ఎవరికైనా కనపడతాది. చూస్తే అక్క పేరు ఇంకా మరిది వాళ్ళ కార్డులోనే ఉంది, అందులో రోజులు సగానికి పైగా అయిపోయినాయి!

ఏడాదికి వంద రోజుల పని అనేది మనిషికి కాదబ్బా, ఇంటికి. ఇది చాలామందికి తెలీదు. వేరే పొయ్యి పెట్టుకుంటే వేరే కార్డు అడగచ్చు, ఒక్కతే ఉన్నా అదొక కుటుంబమే లెక్క, కార్డుకి పైసా కట్టక్కర్లే. (2025 డిసెంబర్లో పార్లమెంటు కొత్త చట్టం పాస్ చేసింది, అందులో 125 రోజులు, కానీ సేద్యం సీజన్లో 60 రోజుల దాకా పని ఆపచ్చంట. మీ ఊర్లో ఏది నడుస్తోందో పంచాయతీలో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌ని అడగండి. కింద రాసేది 2005 ఉపాధి హామీ చట్టం లెక్క.)

పని కావాలని నోటితో కూడా అడగచ్చు, కానీ దాన్నే నమ్ముకోవద్దు. కాగితం మీద రాసిచ్చి తేదీ వేసిన రశీదు తీసుకోవాల, ఆ తేదీ నుంచి 15 రోజుల్లో పని ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి అడగచ్చు, రశీదు లేకపోతే ఏ తేదీ నుంచి లెక్కేస్తారు చెప్పండి. పని 5 కిలోమీటర్లు దాటితే కూలి 10 శాతం ఎక్కువ. పని దగ్గర హాజరు వేసే మేట్ పొద్దున, మధ్యాహ్నం ఫోటో తీస్తాడు, రెండింట్లోనూ ఉండాల.

కూలి ఆడామగా ఒకటే. ఆంధ్రలో 2025-26కి 307 రూపాయలు, కానీ తవ్విన కొలత బట్టి పడతాది, గుంపులో సగం మంది కూర్చుంటే అందరికీ తగ్గుతాది.

అన్నిటికన్నా ముఖ్యం అకౌంటు. మొగుడిదో కొడుకుదో ఇవ్వద్దు, ఆమె పేరు మీదే, ఆధార్ లింక్ చేసి ఉండాల. మెసేజ్ వచ్చే ఫోన్ నంబరు కూడా ఆమెదే అయుండాల, మా అక్క అకౌంటుకి ఇంకా మరిది నంబరే ఉంది, సోమవారం బ్యాంకుకి పోయి మార్పించాకే బస్సు ఎక్కిస్తా.