గాలి దిక్కు చెప్పే ఊలు దారం

హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకోవడం మొదలెట్టాక నన్ను బాగా విసిగించింది గాలే. చుట్టూ భవనాలు కదా, ఇటు నుంచి వస్తోందనుకునేలోపే అటు తిరుగుతుంది, తెరచాప టపటపా కొట్టుకుంటుంది.

నాతో నేర్చుకునే ఒకాయన చూపించారు: ఎర్ర ఊలు దారం 20 సెంటీమీటర్ల ముక్కలు రెండు కత్తిరించి, తెరచాప స్తంభాన్ని రెండు పక్కలా లాగిపట్టే స్టీలు తీగలకు ఒక్కోటి కట్టాలి. కూర్చుంటే కళ్లకు ఎదురుగా ఉండాలి. ముడి జారకుండా దాని కింద ఒక చుట్టు ఇన్సులేషన్ టేపు. గాలి వచ్చే వైపు దారాన్నే చూడండి, రెండోది తెరచాప చాటున తికమక పెడుతుంది.

అమ్మ స్వెట్టర్ అల్లగా మిగిలిన ఊలుతో నాకు సరిపోయింది. వానలో తడిస్తే మాత్రం తీగకు అతుక్కుపోతుంది, అప్పుడు చెంపకు తగిలే గాలే దిక్కు.