ప్రాసెస్ అడ్రెస్ స్పేస్‌ని మీ యంత్రంలోనే చదవడం ఎలా

విశాఖలోని రుషికొండ ఐటీ కంపెనీల్లో ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లలో చాలామంది, ప్రాసెస్ అడ్రెస్ స్పేస్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి కనిపించే మెమరీ అడ్రెస్‌ల మొత్తం) ఎలా పంచి ఉంటుందని అడిగితే ‘3 జీబీ యూజర్‌కి, 1 జీబీ కెర్నల్‌కి’ అని ఠక్కున చెప్పేస్తారు. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగం. ఆ జవాబు 32 బిట్ లినక్స్ లెక్క. మామూలు 64 బిట్ ఇంటెల్, ఏఎండీ యంత్రాల్లో వర్చువల్ అడ్రెస్‌కి (ర్యామ్‌లో అసలు చోటు కాక, ప్రోగ్రామ్ వాడే అడ్రెస్‌కి) 48 బిట్లే వాడతారు. కింద 128 టీబీ ప్రాసెస్‌ది, పైన 128 టీబీ కెర్నల్‌ది. మధ్యలోది ఎవరిదీ కాదు. (57 బిట్ల అడ్రెస్‌కి మద్దతు 2017 నాటి 4.14 కెర్నల్‌లో వచ్చింది. ఇక్కడ దాని జోలికి పోవద్దు.)

టెర్మినల్‌లో ప్రాక్ డైరెక్టరీకి వెళ్లి, సెల్ఫ్ కింద ఉన్న మ్యాప్స్ ఫైలుని క్యాట్ కమాండుతో తెరవండి. సెల్ఫ్ అంటే ఆ ఫైలుని చదువుతున్న ప్రాసెసే, కాబట్టి కనిపించేది షెల్ మ్యాప్ కాదు, క్యాట్‌ది. సాధారణంగా 55తోనో 56తోనో మొదలయ్యే వరసలు ప్రోగ్రామ్ కోడ్, డేటా, ఆపైన హీప్ (ప్రోగ్రామ్ నడుస్తూ అడిగి తీసుకునే మెమరీ). 7ఎఫ్‌తో మొదలయ్యేవి లైబ్రరీలు, వాటికి పైన స్టాక్ (ఫంక్షన్ల లోకల్ వేరియబుల్స్ ఉండే చోటు). మళ్లీ నడిపితే అడ్రెస్‌లు మారిపోతాయి. దాడి చేసేవాడు ముందే ఊహించకుండా కెర్నల్ కావాలనే అలా కదుపుతుంది.

ఒకే అడ్రెస్ రెండు ప్రాసెస్‌లలో కనబడితే కంగారు పడకండి. విశాఖ ఎంవీపీ కాలనీలో ప్లాట్ నంబరు ఒక్కటే చెబితే ఇల్లు దొరకదు, ఏ సెక్టారో కూడా చెప్పాలి. అలాగే ఏ ప్రాసెస్ పేజీ టేబులో (వర్చువల్ అడ్రెస్‌ని ర్యామ్‌లో చోటికి కలిపే పట్టిక) తెలిస్తేనే ఆ అడ్రెస్ ర్యామ్‌లో ఎక్కడుందో తేలుతుంది. ఆ టేబుల్ మొదలు ప్రాసెసర్‌లోని సీఆర్3 రిజిస్టర్‌లో ఉంటుంది. అక్కడినుంచి నాలుగు అంచెలు, అంచెకి 9 బిట్లు. మిగిలిన 12 బిట్లు 4 కేబీ పేజీలో (మెమరీని కోసిన ముక్కలో) చోటు చెబుతాయి.

ఇప్పుడు సీ ప్రోగ్రామ్‌లో మాలాక్‌తో (మెమరీ అడిగే ఫంక్షన్) 1 జీబీ అడిగి, ప్రోగ్రామ్‌ని అక్కడే ఆపి ఉంచండి. ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబరు డైరెక్టరీలోని స్టేటస్ ఫైలులో వీఎం సైజ్ (మొత్తం అడ్రెస్‌లు) 1 జీబీ పెరుగుతుంది, వీఎం ఆర్‌ఎస్‌ఎస్ (నిజంగా వాడుతున్న ర్యామ్) దాదాపు కదలదు. కెర్నల్ ఇచ్చింది అడ్రెస్‌లే, ర్యామ్ కాదు. ప్రతి పేజీలో ఒక బైటు రాసి మళ్లీ చూడండి, అప్పుడు ఆర్‌ఎస్‌ఎస్ ఎక్కుతుంది. చదివితే చాలదు, రాయాలి. 4 కేబీ పేజీలైతే ఆ 1 జీబీకి పేజీ టేబుల్‌లో 2,62,144 ఎంట్రీలు, ఒక్కోటి 8 బైట్లు. అంటే ఆఖరి అంచె టేబుళ్లకే 2 ఎంబీ. ఈ 1 జీబీ కోసం హీప్ వరసలో వెతకొద్దు. ఇంత పెద్ద ముక్కని మాలాక్ ఎమ్మాప్ (కెర్నల్‌ని నేరుగా కొత్త అడ్రెస్‌లు అడిగే కాల్) ద్వారా తెస్తుంది కాబట్టి, అది లైబ్రరీల దగ్గర పేరులేని వరసగా ఉంటుంది.

ప్రోగ్రామ్ కూలితే డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాలు చూపే కమాండు) అడ్రెస్ చూడండి. సున్నాకి దగ్గరగా ఉంటే నల్ పాయింటర్. స్టాక్ వరసకి కాస్త కిందైతే రికర్షన్ ఆగలేదు, స్టాక్ పరిమితి మామూలుగా 8 ఎంబీ. సెగ్‌ఫాల్ట్ (అనుమతి లేని అడ్రెస్‌ని తాకిన లోపం) బదులు ‘జనరల్ ప్రొటెక్షన్’ అని ఉంటే పాయింటర్ చెడిపోయి మధ్య ఖాళీలోకి పోయి ఉండొచ్చు. అప్పుడు జీడీబీ (తప్పులు వెతికే డీబగ్గర్) చూపించే తప్పు అడ్రెస్ సున్నాగా ఉంటుంది, దాన్ని నమ్మితే లేని నల్ పాయింటర్ కోసం వెతుకుతూ కూర్చుంటారు.

ర్యామ్ ఖాళీగా ఉన్నా ఎమ్మాప్ ‘మెమరీ చాలదు’ అంటోందా? మ్యాప్స్ ఫైలులో వరసలు లెక్కపెట్టండి. ఒక ప్రాసెస్‌కి కెర్నల్ పెట్టే మామూలు పరిమితి 65,530. దాని దరిదాపుల్లో ఉంటే సిస్‌కంట్రోల్‌లో (కెర్నల్ సెట్టింగులు మార్చే కమాండు) మ్యాక్స్ మ్యాప్ కౌంట్ పెంచండి, ముందుగా మాత్రం ఎమ్మాప్ చేసినవాటిని కోడ్ విడిచిపెడుతోందో లేదో చూడండి.