ఎస్‌సి-55 సౌండ్ మాడ్యూల్: కరెంటు నుంచి గాంధారం దాకా

రోలాండ్ 1991లో తెచ్చిన సౌండ్ కాన్వాస్ ఎస్‌సి-55కి కీలు ఉండవు. కీబోర్డో కంప్యూటరో మిడి (వాద్యాలు సందేశాలు పంపుకునే పద్ధతి) కేబుల్ మీదుగా ఏ స్వరం, ఎంత బలంగా అని పంపితేనే పలుకుతుంది. ఇప్పుడివి సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతాయి కాబట్టి ముందు చూసుకోవాల్సింది అడాప్టర్.

దీనికి 9 వోల్టుల డీసీ కావాలి. ప్లగ్ మధ్యలో నెగటివ్, బయట పాజిటివ్. బజార్లో దొరికే అడాప్టర్లు చాలావరకు దీనికి తలకిందులుగా ఉంటాయి, మల్టీమీటర్‌తో చూడకుండా గుచ్చొద్దు. జపాన్ పీసుతో వచ్చే అడాప్టర్ 100 వోల్టులది, మన 230లో పెడితే కాలిపోతుంది. మిల్లీ ఆంపియర్లు మాడ్యూల్ మీద రాసినదానికంటే ఎక్కువైనా ఫర్వాలేదు, తగ్గకూడదు.

వెనక ఉన్న ఆర్‌సీఏ అవుట్‌పుట్లు మిక్సర్ లైన్ ఇన్‌పుట్లకు వెళ్లాలి. మైక్ ఇన్‌పుట్‌లో పెడితే శబ్దం పగులుతుంది. హమ్ వస్తే మిడి కేబుల్‌ని అనుమానించకండి, మిడి ఇన్ లోపల ఆప్టో-ఐసొలేటర్ (సిగ్నల్‌ని వెలుతురుగా దాటించి రెండువైపుల కరెంటును వేరుచేసే భాగం) ఉంటుంది. గొడవ ఆడియో వైర్ల దారిలో ఉంటుంది. కంప్యూటర్, మిక్సర్, మాడ్యూల్ మూడింటికీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి కరెంటు ఇచ్చి చూడండి. ఎర్త్ పిన్ను పీకేసే చిట్కా మాత్రం వద్దు.

పంపేదాని మిడి అవుట్ నుంచి మాడ్యూల్ మిడి ఇన్‌కి కేబుల్. యూఎస్‌బీ-మిడి కేబుళ్ల మీద ‘ఇన్’, ‘అవుట్’ అని రాసిన తీరు కంపెనీని బట్టి మారుతుంది. పలకకపోతే ప్లగ్గులు మార్చి చూడండి, దానివల్ల ఏమీ పాడవదు. ముందువైపున్న మిడి ఇన్ 2కి కీబోర్డు, వెనక మిడి ఇన్ 1కి కంప్యూటర్ కలిపితే రెండూ ఒకేసారి వాడుకోవచ్చు.

విండోస్‌లో ఒక మోసం ఉంది. మైక్రోసాఫ్ట్ జీఎస్ వేవ్‌టేబుల్ సింథ్ అనే సాఫ్ట్‌వేర్ వాద్యం కూడా రోలాండ్ శబ్దాలతోనే చేసింది. సీక్వెన్సర్ (మిడి పాటను నడిపే సాఫ్ట్‌వేర్) అవుట్‌పుట్ దాని మీదే ఉండిపోతే కంప్యూటర్ స్పీకర్లో వినిపించేది మాడ్యూలే అనుకుంటాం. మాడ్యూల్ తెరమీద గీతలు కదలకపోతే దానికి ఏమీ అందడం లేదన్నమాటే.

ఇక అసలు సంగతి. వెనకటి పాట వదిలిన వాల్యూమ్, ప్యాన్, బెండ్ అన్నీ మాడ్యూల్‌లో అలాగే ఉంటాయి. అందుకే ప్రతి పాట మొదట్లో జీఎస్ (రోలాండ్ మిడి పద్ధతి) రీసెట్, అంటే అన్నిటినీ మొదటి స్థితికి తెచ్చే సందేశం, పంపాలి. ఇందులో అంకెలు హెక్సాడెసిమల్‌వి, అంటే పదహారు చొప్పున లెక్కపెట్టేవి:

ఎఫ్0 41 10 42 12 40 00 7ఎఫ్ 00 41 ఎఫ్7

దీని తర్వాత కనీసం 50 మిల్లీసెకన్లు ఆగండి. మొదటి బార్ ఖాళీగా ఉంచి సెట్టింగులన్నీ అందులో సర్దడం మంచి అలవాటు. చవక యూఎస్‌బీ కేబుళ్లు కొన్ని ఇలాంటి పొడవాటి సందేశాలను మింగేస్తాయి. నోట్లు పలుకుతూ రీసెట్ పనిచేయకపోతే కారణం అదే కావచ్చు.

శబ్దం మార్చేటప్పుడు కంట్రోలర్ (సెట్టింగు మార్చే మిడి సందేశం) 0తో బ్యాంకు, అంటే శబ్దాల గుంపు, కంట్రోలర్ 32కి సున్నా, ఆఖర్న ప్రోగ్రామ్ నంబరు, అంటే ఆ గుంపులో వాద్యం, పంపాలి. ప్రోగ్రామ్ వచ్చేదాకా బ్యాంకు మార్పు అమల్లోకి రాదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు 1 నుంచి, కొన్ని 0 నుంచి లెక్కపెడతాయి. 105 సితార్ అడిగితే పక్క వాద్యం పలికిందంటే ఇదే తేడా. డ్రమ్ములు 10వ ఛానెల్‌లో.

ఒకేసారి పలికేవి 24 వాయిస్‌లే (వాయిస్ అంటే మాడ్యూల్ లోపల ఒక శబ్దాన్ని పలికించే దారి). కొన్ని శబ్దాలకు ఒక్క నోటుకే రెండు పడతాయి కాబట్టి ప్యాడ్లు (వెనక నెమ్మదిగా సాగే శబ్దాలు) దట్టంగా పెడితే నోట్లు తెగిపోతాయి. వాయిస్‌లు చాలనప్పుడు ముందు 10వ పార్టుకు (ఒక్కో ఛానెల్‌కు పలికే వాద్యమే పార్టు), తర్వాత 1, 2 ఇలా వరసగా దక్కుతాయి. అందుకే పాట మెలొడీని 1లో పెట్టండి, 16లో కాదు.

నోటు ఆగకుండా మోగుతుంటే కంట్రోలర్ 123 పంపండి, అది అన్ని నోట్లనూ ఆపేస్తుంది. అయినా ఆగకపోతే సస్టెయిన్ పెడల్ నొక్కినట్టే ఉండిపోయింది, 64కి సున్నా పంపండి.

కర్ణాటక పాటలకు వాడేవాళ్లకు ఒక మాట. సమాన విభజనలో, అంటే కీబోర్డుల్లోలా పన్నెండు స్వరాల మధ్య దూరం సమానంగా ఉన్నప్పుడు, అంతర గాంధారం తంబూరా శ్రుతికి 14 సెంట్లు (పక్కపక్క కీల మధ్య దూరం 100 సెంట్లు) ఎక్కువగా ఉంటుంది. వయొలిన్ పక్కన అది చెవికి గుచ్చుకుంటుంది. స్కేల్ ట్యూనింగ్‌తో దించవచ్చు. షడ్జమం సీ అయితే, 1వ పార్టుకు:

ఎఫ్0 41 10 42 12 40 11 40 40 40 40 40 32 40 40 40 40 40 40 40 7డి ఎఫ్7

40 11 40 చిరునామా. ఆ తర్వాతి పన్నెండు అంకెలూ సీ నుంచి బీ దాకా కీలు. 40 అంటే మార్పు లేదు, 32 అంటే 14 సెంట్లు కిందికి (హెక్సాడెసిమల్ 40 మన లెక్కలో 64, 32 మన లెక్కలో 50). శ్రుతి డీకి మారితే 32ని ఏడో స్థానానికి, ఎఫ్ షార్ప్‌కి జరపండి. అంకెల కూడిక మారదు కాబట్టి చివరి చెక్‌సమ్ (సందేశం సరిగ్గా అందిందో చూసే అంకె) 7డి అలాగే ఉంటుంది. రీసెట్ ఈ ట్యూనింగ్‌నీ చెరిపేస్తుంది, కాబట్టి దీన్ని రీసెట్ తర్వాతే పంపాలి.