తీగల చట్రం – 3వ పాఠం: అడ్డపట్టీల కంటే ముందు మూలలు

అడ్డపట్టీల పాఠం ఇది. కానీ కాకర, బీర తీగలు పాకడానికి పోయినసారి చేసిన చెక్క చట్రం చాలామందికి ఓ పక్కకి ఒరిగింది. దాని మీదే పట్టీలు బిగిస్తే ఆ వంకర శాశ్వతమైపోతుంది. ముందు దాని సంగతి చూద్దాం.

"నాలుగు మూలల్లోనూ మూలమట్టం పెట్టి చూశాను, అయినా ఎందుకు ఒరిగింది?" అని అడిగారు. మూలమట్టం అంటే మూల సరిగ్గా 90 డిగ్రీలుందో లేదో చూసే L ఆకారపు పనిముట్టు. దాని పొడవు 15 సెం.మీ. అనుకోండి. అక్కడ కంటికి ఆనని 1 మి.మీ. తేడా, 180 సెం.మీ. నిలువు రీపరు (చట్రం అంచు చెక్క) పై కొసకి చేరేసరికి 12 మి.మీ. అవుతుంది. అందుకే పెద్ద చట్రానికి నేను మూలమట్టాన్ని నమ్మను. కర్ణాలు, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరాలు, కొలవండి.

మన 180 × 90 చట్రానికి బయటి మూల నుంచి బయటి మూలకి రెండు కర్ణాలూ 201.2 సెం.మీ. రావాలి. ఒకరికి 204, 198.5 వచ్చాయి. అలాంటప్పుడు పొడుగు కర్ణం రెండు కొసల్నీ లోపలికి నెట్టాలి. తేడా 5.5 కదా అని అంతా నెట్టేయకండి. ఇది తగ్గుతుంటే అది పెరుగుతుంది, సగం తగ్గితే చాలు. మూలకి ఒక్క స్క్రూయే బిగించమన్నది ఇందుకే, ఒక్కదాని మీద మూల తిరుగుతుంది. కర్ణాలు కలిశాక ఒక పాత రీపరుని ఏటవాలుగా కొట్టి చట్రం కదలకుండా చేసి, అప్పుడు రెండో స్క్రూని మొదటిదానికి ఐమూలగా బిగించండి.

ఇంకొకరికి కర్ణాలు చక్కగా కలిశాయి, చట్రం మాత్రం పైన సన్నం, కింద వెడల్పు. పై రీపరు 90, కిందిది 91 కోశారు. అలా కోసినా కర్ణాలు సమానంగానే వస్తాయి! ఎదురెదురు రీపర్లని జతగా పట్టుకుని కొసలు వేలితో తడిమి చూడండి. తర్వాతే కర్ణాల మాట.

చట్రాన్ని నేల మీద పరిస్తే ఒక మూల లేస్తోందా? అది మెలి తిరిగిన చెక్క. మార్చేయడమే.

ఇక పట్టీలు. కోయడం, ఇసుక కాగితం రుద్దడం మీకు తెలిసిందే. 90 సెం.మీ. పట్టీలు 11 కావాలి, 15 సెం.మీ.కి ఒకటి. 3 సెం.మీ. వెడల్పు పట్టీ పోగా 12 మిగులుతుంది, కాయ కోయడానికి చెయ్యి దూరుతుంది.

ఇక్కడే దాదాపు అందరూ ఒక పని చేస్తారు. మొదటి పట్టీ నుంచి 15 కొలిచి రెండోది, రెండోదాని నుంచి 15 కొలిచి మూడోది. దయచేసి ఇలా కొలవకండి. ఒక్కో కొలతకి 1 మి.మీ. తప్పినా 11వ పట్టీకి 11 మి.మీ. అవుతుంది. ఎడమవైపు పైకి, కుడివైపు కిందికి తప్పితే 22 మి.మీ. వాలు! టేపుని కింది కొసకి ఒక్కసారి తగిలించి, తీయకుండా 15, 30, 45 అంటూ 165 దాకా గుర్తులు పెట్టండి. రెండో నిలువు రీపరుకి కూడా కింది నుంచే, పైనుంచి కాదు. నేనైతే దానికి టేపు కూడా ముట్టను. సన్నటి బద్ద మీద 11 గుర్తులు పెట్టి, ఆ కొలబద్దనే రెండు పక్కలా ఆనించి గీస్తాను. బద్దలో తప్పున్నా రెండు వైపులా ఒకే తప్పు, పట్టీ సమంగానే కూర్చుంటుంది. ప్రతి గీతకీ పై పక్కన చిన్న ఇంటూ గుర్తు పెట్టండి, పట్టీ అటే రావాలి. ఒక కొస గీత పైన, ఇంకో కొస గీత కింద పడితే 3 సెం.మీ. వంకర.

4 మి.మీ. స్క్రూకి ముందుగా 2.5 మి.మీ. బెజ్జం వేయండి, లేకపోతే కొసలు చీలతాయి. మేకులు వద్దు. ఎండకీ వానకీ చెక్క ఉబ్బి కుంచించుకుంటుంటే మేకు వదులైపోతుంది.

అభ్యాసం: పెద్దదాన్ని ముట్టుకోకముందు 60 × 80 సెం.మీ. చట్రం ఒకటి చేయండి. కర్ణం సరిగ్గా 100 రావాలి. నాలుగు పట్టీలు బిగించి, ఏటవాలు రీపరు తీసేసి, ఒక మూల పట్టుకుని ఎత్తి గట్టిగా ఊపండి. మళ్లీ కర్ణాలు కొలవండి. 2 మి.మీ. మించి తేడా వస్తే వదులైన మూల స్క్రూలు తీసి, పక్కన కొత్త బెజ్జం వేసి బిగించి, మళ్లీ ఊపండి.

వచ్చే పాఠంలో దీన్ని గోడకి ఎడంగా నిలబెడదాం. జనపనార పురికొస దగ్గర పెట్టుకోండి. కాకర, బీర నులితీగలు ఇంత మందం చెక్కని చుట్టుకోలేవు.