ప్రశ్న ముందా, ప్రశ్నావళి ముందా?
మీడియా సాంకేతిక పరిశోధన – స్వయంశిక్షణ: నాలుగో పాఠం

కిందటి పాఠం చివర మీకో పని అప్పగించాను. మీ చుట్టూ కనిపించే ఒక మీడియా సాధనాన్ని ఎంచుకుని, దాని మీద ఒకే ఒక్క పరిశోధన ప్రశ్న రాయమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. అందులో ‘ప్రభావం’ అనే మాట ఉందా? ఉంటే ఎర్రసిరాతో కొట్టేయండి.

‘విశాఖ యువతపై సోషల్ మీడియా ప్రభావం’ అన్నది ప్రశ్న కాదు, దుకాణం ముందు వేలాడే బోర్డు. లోపల ఏమి అమ్ముతారో రాసినవారికే తెలియదు. ఏ యువత? సోషల్ మీడియాలో ఏ పని? దేని మీద ప్రభావం? అన్నింటికన్నా ముఖ్యం, మీరు అనుకున్న జవాబు తప్పని తేలే దారి అందులో ఉందా? ఏ జవాబు వచ్చినా సరిపోయేదాన్ని ప్రశ్న అనలేం.

నేనూ ఆ తానులో ముక్కనే. పీజీ చదివే రోజుల్లో, ప్రశ్న తేలకముందే 40 అంశాలతో ప్రశ్నావళి తయారుచేసి, మద్దిలపాలెంలో ఒక జిరాక్స్ దుకాణంలో 200 ప్రతులు తీయించాను. కాగితాలు నిండాయి, శాతాలు వచ్చాయి, రంగురంగుల పటాలు గీశాను. అంతా అయ్యాక “ఇందులో సిద్ధాంతం ఏది?” అని అడిగారు. రెండు రోజులు గ్రంథాలయంలో కూర్చుని ఒకటి వెతికి పట్టుకుని రెండో అధ్యాయంలో అతికించాను. పెళ్ళయ్యాక జాతకాలు చూసినట్టు. పట్టా చేతికొచ్చింది కానీ, ఆ 200 మంది గురించి నాకు ఈరోజుకీ తెలిసినది శూన్యం.

ఎక్కడ నిలబడి ఎటు చూడాలో చెప్పేదే సిద్ధాంతం. నిలబడే చోటు మారితే ప్రశ్న మారుతుంది, ప్రశ్న మారితే పద్ధతి మారుతుంది. దీన్ని నిర్వచనాలతో చెప్పడం నాకు చేతకాదు. ఒక్క దృశ్యాన్నే తీసుకుని తిప్పి తిప్పి చూద్దాం.

తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళండి. బోట్లు చేరగానే వేలంపాట మొదలవుతుంది. ఆ రద్దీలో చేపలు కొనడానికి వచ్చిన ఒక పెద్దావిడను చాలాసేపు గమనించాను. ఊళ్ళో గంప దించి అమ్ముకునే మనిషి. ఫోనును పాలిథిన్ సంచిలో పెట్టి, రబ్బరు బ్యాండు చుట్టి, బొడ్లో దోపుకుంది. వంజరం పాట పెరుగుతుండగా ఫోను బయటికి తీసింది. సంచి విప్పలేదు. పైనుంచే బొటనవేలితో మైకు బొమ్మ నొక్కిపట్టి, నోటి దగ్గర పెట్టుకుని రెండు ముక్కలు చెప్పి వేలు తీసేసింది. అది వాయిస్ మెసేజ్. కాసేపటికి జవాబు వచ్చింది. చెవికి ఆనించుకుని విని, పాటలో మరో పాతిక పెంచింది. చేతులు తడిగా ఉన్నాయి, పొలుసులు అంటుకుని ఉన్నాయి. ఒక్క అక్షరం టైపు చేయాల్సిన పని పడలేదు. తర్వాత మాటల్లో తెలిసింది, సాయంత్రం నుంచి ఆ ఫోను మనవడి దగ్గరే ఉంటుందట. చార్జింగ్ పెట్టేదీ అతనే.

ఇక్కడ పరిశోధించడానికి ఏముంది?

ఎవరెట్ రోజర్స్ పక్కన నిలబడి చూస్తే ఒకటి కనిపిస్తుంది. కొత్త విషయం ఒక సమాజంలో ఎలా పాకుతుందో ఆయన 1962లో సిద్ధాంతీకరించాడు. దానికి పునాది వేసిన వాటిలో ముఖ్యమైనది 1943 నాటి అధ్యయనం. అమెరికాలోని అయోవాలో సంకర మొక్కజొన్న విత్తనం రైతుల మధ్య ఎలా వ్యాపించిందో రయాన్, గ్రాస్ అనే ఇద్దరు పరిశీలించారు. అంటే నేడు మనం ఫోన్లకూ యాప్‌లకూ వాడుతున్న ఈ సిద్ధాంతం మొక్కజొన్న చేలో మొలకెత్తిందన్నమాట. ఈ చోటు నుంచి అడగాల్సిన ప్రశ్న: రేవులో వాయిస్ మెసేజ్ మొదట ఎవరు వాడారు, రెండోవారికి ఎవరు చూపించారు? దీనికి శాతాలు చాలవు. ఎవరి నుంచి ఎవరికి అన్న గొలుసు కావాలి, ఒక్కొక్కరినీ “మీకు ఎవరు నేర్పారు?” అని అడుగుతూ వెనక్కి నడవాలి. రోజర్స్‌తో నాకో పేచీ ఉంది. అందరికన్నా ఆలస్యంగా అందుకున్న వారికి ఆయన పెట్టిన పేరును తెలుగులో చెప్పాలంటే ‘వెనకబడ్డవాళ్ళు’ అనాలి. స్మార్ట్‌ఫోను కొనని మనిషి దగ్గర కొనకపోవడానికి గట్టి లెక్కే ఉండవచ్చు. ఆ లెక్క అడగకుండా పేరు పెట్టడం నాకు నచ్చదు.

ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రతిపాదించిన సాంకేతికత అంగీకార నమూనా ఇంకొక చోటు. ఇది ఉపయోగపడుతుందని మనిషి అనుకుంటున్నాడా, వాడటం సులువని అనుకుంటున్నాడా, ఈ రెండూ తేలితే వాడకం గురించి చాలావరకు ఊహించవచ్చని దాని సారం. ఈ చోటు నుంచి ప్రశ్న: వాయిస్ మెసేజ్ తనకు పనికొస్తుందని, వాడటం సులువని ఆవిడ అనుకుంటోందా? సర్వేకు చక్కగా ఒదుగుతుంది కాబట్టి విశ్వవిద్యాలయాల్లో దీనికి గిరాకీ ఎక్కువ. ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు బాగానే పనికొస్తుంది. మన పెద్దావిడ విషయంలో మాత్రం సాయంత్రం నుంచి ఫోను మనవడి చేతిలో ఎందుకుందో ఇది చెప్పలేదు.

అది చెప్పాలంటే రోజర్ సిల్వర్‌స్టోన్ దగ్గరికి రావాలి. ఆయనా ఆయన సహచరులూ 1980ల చివర, 1990ల మొదట్లో బ్రిటన్‌లో ఇళ్ళలోకి వెళ్ళి, టీవీ, కంప్యూటర్ వంటివి కుటుంబ జీవనంలో ఎలా కలిసిపోతాయో చూశారు. ఆ ఆలోచనకు నేను వాడే తెలుగు మాట ‘మచ్చిక’. అడవి జంతువును ఇంటి జంతువుగా చేసుకున్నట్టు, బజారు నుంచి వచ్చిన యంత్రాన్ని మనిషి తనకు మాలిమి చేసుకుంటాడు. ముందు కొని సొంతం చేసుకుంటాడు. ఇంట్లో దానికో చోటిస్తాడు. దినచర్యలో కలుపుకుంటాడు. చివరికి నలుగురిలో దాన్ని చూపించి, దాని గురించి మాట్లాడి, తన గురించి ఏదో చెప్పుకుంటాడు. పాలిథిన్ సంచి, రబ్బరు బ్యాండు, బొడ్లో చోటు, మనవడి చేతిలో సాయంత్రాలు, ఇవన్నీ మచ్చిక గుర్తులే. ఇక్కడి నుంచి పుట్టే ప్రశ్న: ఆ ఇంట్లో ఫోను ఎవరిది? ఏ వేళకు ఎవరి అధీనంలో ఉంటుంది? దీనికి ప్రశ్నావళి పనికిరాదు. ఆ ఇంటి గుమ్మంలో కూర్చోవాలి, ఒకసారి కాదు, నాలుగైదు సార్లు.

చూశారా, మనిషి ఒక్కరే, ఫోను ఒక్కటే, మూడు ప్రశ్నలు వచ్చాయి.

“ఇంతకీ అంకెలు గొప్పవా, ముచ్చట్లు గొప్పవా?” అని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. కేరళ ఉదాహరణ చెబుతాను. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త ఉత్తర కేరళ తీరంలో సార్డీన్, అంటే మనం కవళ్ళు అనే చేప, అమ్మకాలను అధ్యయనం చేశాడు. అక్కడ మొబైల్ ఫోను 1997 నుంచి 2001 మధ్య ఒక్కో ప్రాంతానికి ఒక్కోసారి వచ్చింది. తీరంలోని టవర్ల సిగ్నల్ సముద్రంలోకి 20, 25 కిలోమీటర్ల దాకా అందేది. పడవలో ఉండగానే ఏ రేవులో ధర ఎంతో కనుక్కోవచ్చు. ఫోను వచ్చిన ప్రాంతాన్ని ఇంకా రాని ప్రాంతంతో పోల్చే వీలు దానంతట అదే దొరికింది. ఇలాంటిదాన్ని సహజ ప్రయోగం అంటారు. 2007లో ఆయన ప్రకటించిన ఫలితం: రేవుకూ రేవుకూ మధ్య ధరల తేడా బాగా తగ్గింది, జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవారికి ధర 4 శాతం తగ్గింది. ముచ్చట్లు ఎన్ని పోగేసినా ఈ 8, ఈ 4 తేలవు.

ఆ అధ్యయనం ఎంత పేరు తెచ్చుకుందంటే, ‘ఫోను ఇస్తే చాలు, బీదవాడు బాగుపడతాడు’ అనే మాటకు అదే సాక్ష్యంగా నిలబడింది. తర్వాత జానకి శ్రీనివాసన్, జెన్నా బరెల్ అనే ఇద్దరు పరిశోధకులు కేరళ జాలర్ల దగ్గరికే మళ్ళీ వెళ్ళి, వారితో మాట్లాడి, పనిని దగ్గరగా చూసి 2013లో ఒక పత్రం సమర్పించారు. ధర తెలిసినంత మాత్రాన సరిపోదని, అమ్మకం ఏ ఏర్పాటు కింద జరుగుతోందో కూడా చూడాలని వారి వాదన. పక్క రేవులో ధర ఎక్కువని తెలిసినా, అక్కడికి వెళ్ళి అమ్ముకునే వీలు ఉండాలి కదా! జెన్సెన్ లెక్క తప్పని దీని అర్థం కాదు. ఆ లెక్క ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో చెప్పే పని రెండో పద్ధతిది.

ఇక ఆచరణలో తగిలే మూడు ముళ్ళు.

మొదటిది కాలం. ఈ రేవులోనే సర్వే చేద్దామని వేసవి సెలవుల్లో బయలుదేరారనుకోండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. బోట్లు లంగరు వేసుకుని ఉంటాయి, పాట ఉండదు. మీకు దొరికేది వలలు బాగుచేసుకునే మనుషులు, ఎండుచేపల వ్యాపారం. ఆ రెండు నెలల జవాబులను ఏడాది మొత్తానికి అంటగడితే పరిశోధన తల్లకిందులవుతుంది. ఎవరిని అడగాలో అందరూ ఆలోచిస్తారు, ఎప్పుడు అడగాలో ఆలోచించేవారు తక్కువ.

రెండోది అయిదు మెట్ల కొలబద్ద. రెన్సిస్ లికర్ట్ 1932లో తెచ్చిన ఈ పద్ధతిని మనం మక్కికి మక్కి దించుకుంటాం: పూర్తిగా అంగీకరిస్తాను, అంగీకరిస్తాను, తటస్థం, అంగీకరించను, అసలే అంగీకరించను. ఏ ఇంట్లోనైనా ఎవరైనా “నేను తటస్థం” అనగా విన్నారా? ఒకసారి నేను ఇలాంటి కాగితం చదివి వినిపిస్తుంటే ఒకావిడ కాసేపు ఓపిక పట్టి, “నువ్వు చదువుకున్నవాడివి బాబూ, ఏది మంచిదో అదే రాసుకో” అంది. మర్యాద కోసం అవునన్న జవాబులు ఎన్ని మూటగట్టుకున్నానో ఆ క్షణంలో అర్థమైంది. ఇప్పుడు ‘అంగీకారం’ అడగను, జరిగిన పని అడుగుతాను. “వాయిస్ మెసేజ్ ఉపయోగకరమని భావిస్తారా?” అని కాకుండా “నిన్న పాటలో ఎవరికైనా మెసేజ్ పెట్టారా? దేనికోసం?” అని.

మూడోది జ్ఞాపకం. “రోజుకు ఎన్ని గంటలు ఫోను చూస్తారు?” అన్న ప్రశ్నకు వచ్చే జవాబును నమ్మకండి. మనుషులు చెప్పే గంటలకూ, ఫోను నమోదు చేసిన గంటలకూ పొంతన అంతంతమాత్రమేనని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2021లో తేల్చింది. అయితే ఫోనులోని స్క్రీన్ టైమ్ లెక్కే తీసుకుందామంటారా? మన పెద్దావిడ ఫోను అయిదు గంటలు చూపిస్తే, అందులో నాలుగు మనవడివి. ఆ లెక్క ఫోనుది, మనిషిది కాదు. ఒక ఫోనుకు ఒక మనిషి అనే ఊహ దాని లోపలే దాగి ఉంది. మచ్చిక సిద్ధాంతం తెలియని పరిశోధకుడు ఆ అంకెను నిశ్చింతగా పట్టికలో వేసుకుంటాడు.

ఈ వారం పని. ద్వారకా బస్ స్టేషన్‌కు, అదే మన కాంప్లెక్స్‌కు వెళ్ళి ఒక బెంచీ మీద 20 నిమిషాలు కూర్చోండి. బస్సు గురించి తెలుసుకోవడానికి మనుషులు ఫోను చూస్తున్నారా, బోర్డు చూస్తున్నారా, పక్కవారిని అడుగుతున్నారా? ఫొటోలు వద్దు. ఎవరితోనైనా మాట్లాడితే మీరెవరో, ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పండి, వద్దంటే లేచి రండి. నోటు పుస్తకంలో పేజీని నిలువుగా రెండుగా మడవండి. ఎడమ పక్క కంటికి కనిపించినది, చెవికి వినిపించినది మాత్రమే. కుడి పక్క మీకు తోచినది.

‘ఆయన ఫోను చూసి విసుక్కున్నాడు’ అని ఎడమ పక్క రాస్తే తప్పు. విసుగు మీకు తోచినది. ‘ఫోను చూశాడు, జేబులో పెట్టాడు, నిమిషంలోపే మళ్ళీ తీశాడు, లేచి విచారణ కిటికీ దగ్గరికి వెళ్ళాడు’ అనేది ఎడమ పక్కది. ‘ఫోనులో చూపించిన వేళను నమ్మలేదా? లేక బ్యాటరీ అయిపోయిందా?’ అన్నది కుడి పక్కది. ఆ కుడి పక్క ప్రశ్నార్థకాల్లోంచే మీ అసలు ప్రశ్న బయటికి వస్తుంది.

ఇంటికి వచ్చాక, ఎర్రసిరాతో కొట్టేసిన పాత ప్రశ్న కింద కొత్తది రాయండి. రోజర్స్, డేవిస్, సిల్వర్‌స్టోన్ ముగ్గురిలో ఎవరి పక్కన నిలబడి రాశారో దాని పక్కనే ఒక ముక్క రాయండి. ప్రశ్నావళి జోలికి మాత్రం ఇంకా వెళ్ళకండి.

అయిదో పాఠంలో 1975 ఆగస్టుకు వెళదాం. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు ఏడాదిపాటు ఉపగ్రహం నుంచి టీవీ కార్యక్రమాలు దింపిన ‘సైట్’ ప్రయోగాన్ని ఎలా కొలిచారో చూద్దాం. రెండుగా మడిచిన ఆ పేజీ దగ్గర పెట్టుకుని రండి, దానితోనే మొదలవుతుంది.