బఫర్‌లో వచ్చిన ఐఏఏ పీక్ శాంపిల్‌లో ఎందుకు మొండికేస్తుంది

మొక్కల హార్మోన్లలో ఆక్సిన్ని, అంటే ఐఏఏని (ఇండోల్ ఎసిటిక్ ఆసిడ్), కార్బన్ ఎలక్ట్రోడ్ మీద వోల్టేజ్ పెంచుకుంటూ పోయి (దీన్నే స్కాన్ అంటారు) నేరుగా ఆక్సిడైజ్ చేసి, అప్పుడు వచ్చే కరెంట్ పీక్‌ని బట్టి కొలవొచ్చు, అందుకే చాలామంది దీంతోనే మొదలుపెడతారు. బఫర్‌లో, అంటే పీహెచ్ మారకుండా ఉంచే శుభ్రమైన ద్రావణంలో, అంతా బానే ఉంటుంది, మట్టి ఎక్స్‌ట్రాక్టో చెరువు నీళ్ళో వేశాకే తలనొప్పి. శాంపిల్ వేసే ముందు ఒక ఖాళీ బఫర్ స్కాన్, ఎలక్ట్రోడ్ బాగుందో లేదో చెప్పే ఫెర్రీసయనైడ్ ద్రావణంలో ఒక స్కాన్ తీసి పెట్టుకోండి, లేకపోతే తప్పు ఎలక్ట్రోడ్‌దా శాంపిల్‌దా అని తేల్చడానికే రోజంతా పోతుంది.

సమస్య: మొదటి స్కాన్‌లో పీక్ బాగుంది, రెండోదాంట్లో బాగా తగ్గింది, తర్వాత దాదాపు లేదు

ఇది అందరికీ వచ్చేదే. ఐఏఏలోని ఇండోల్ రింగ్ ఆక్సిడైజ్ అయ్యాక పుట్టే పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని ఎలక్ట్రోడ్ మీద పొర కట్టేస్తాయి, ఇక కొత్త ఐఏఏకి అక్కడ చోటుండదు. గ్లాసీ కార్బన్ అయితే 0.05 మైక్రాన్ అల్యూమినాతో పాలిష్ చేసి, కడిగి, కాసేపు సోనికేట్ చేసి (అల్ట్రాసౌండ్‌తో శుభ్రం చేసి) మళ్ళీ ఫెర్రీసయనైడ్‌లో చూడండి. ఫెర్రీసయనైడ్ ఆక్సిడేషన్, రిడక్షన్ పీక్‌ల మధ్య తేడా థియరీలో 59 మిల్లీవోల్ట్‌లు, 80-90 వచ్చినా పర్లేదు, 150 దాటితే ఇంకా రుద్దాల్సిందే. ప్రింటెడ్ స్ట్రిప్ (ఎలక్ట్రోడ్లు అచ్చువేసిన పట్టీ) అయితే రుద్దొద్దు, కొలతకో కొత్త స్ట్రిప్ వాడండి. అదే సర్ఫేస్ మీద మూడు స్కాన్లు తీసి యావరేజ్ వేసేవాళ్ళని చూశాను, అది కొలత కాదు, పొర ఎంత మందంగా పేరుకుందో లెక్క.

సమస్య: తెలిసినంత ఐఏఏ కలిపినా శాంపిల్‌లో తక్కువ చూపిస్తోంది

మట్టిలో, నీళ్ళలో ఉండే హ్యూమిక్ ఆసిడ్లు (కుళ్ళిన ఆకులూ వేళ్ళ నుంచి వచ్చేవి) ఎలక్ట్రోడ్‌కి అంటుకుంటాయి. 0.45 మైక్రాన్ ఫిల్టర్ చేసి, పలచన చేసి, బఫర్‌లో గీసిన కాలిబ్రేషన్ కర్వ్ బదులు స్టాండర్డ్ అడిషన్ చెయ్యండి, అంటే శాంపిల్‌లోనే తెలిసినంత ఐఏఏ కొంచెం కొంచెం కలుపుతూ పీక్ ఎంత పెరుగుతుందో చూడండి. కానీ అది స్లోప్‌ని (ఐఏఏ పెరిగేకొద్దీ పీక్ పెరిగే తీరుని) సరిచేస్తుందే తప్ప, పక్కనుంచి వచ్చి కలిసిన వేరే పీక్‌ని తీసెయ్యదు.

సమస్య: ఐఏఏ ఉండకూడని శాంపిల్‌లో కూడా పీక్ వస్తోంది

ముందు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆసిడ్‌ని అనుమానించండి, దానిలోనూ అదే ఇండోల్ రింగ్ ఉంది కాబట్టి దగ్గరదగ్గర అదే వోల్టేజ్‌లో ఆక్సిడైజ్ అవుతుంది. ఐఏఏ పీకేఏ (అది సగం చార్జ్‌తో ఉండే పీహెచ్) సుమారు 4.75, అందుకే శాంపిల్ పీహెచ్‌ని 3 దగ్గరికి దించి ఇథైల్ ఎసిటేట్‌తో కలిపితే ఐఏఏ చార్జ్ లేకుండా పై పొరలోకి వస్తుంది, ట్రిప్టోఫాన్ చార్జ్‌తో నీళ్ళలోనే ఉండిపోతుంది. ఆ పై పొరని ఆరబెట్టి బఫర్‌లో కరిగించి కొలవండి. ఇంత చేశాక కూడా రిపోర్ట్‌లో రాసే ముందు ఒకటి రెండు శాంపిల్స్ ఎల్‌సీ-ఎంఎస్‌లో (పదార్థాల్ని విడదీసి బరువుని బట్టి గుర్తుపట్టే యంత్రం) చూపించుకోవడం మంచిది.

సమస్య: పీక్ పక్కకి జరిగింది

పీహెచ్ చూడండి, లేదంటే క్లోరైడ్. స్ట్రిప్‌ల మీద ఉండే సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ (వోల్టేజ్‌ని దేనితో పోల్చి కొలుస్తామో ఆ ఎలక్ట్రోడ్) శాంపిల్‌లోని క్లోరైడ్‌నే నమ్ముకుంటుంది, అది పది రెట్లు మారితే పీక్ దాదాపు 59 మిల్లీవోల్ట్‌లు జరుగుతుంది. స్టాండర్డ్‌కీ శాంపిల్‌కీ ఒకే మోతాదులో కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) కలిపేస్తే గొడవ ఉండదు.

సమస్య: రోజురోజుకీ స్టాండర్డే తగ్గుతోంది

స్టాక్ (నిల్వ ఉంచిన ఐఏఏ ద్రావణం) పాడైంది, వెలుతురు తగిలితే ఐఏఏ నిలవదు. గులాబీ రంగుకి తిరిగితే పారబోసి, ఇథనాల్‌లో కొత్తది చేసి ముదురు సీసాలో ఫ్రీజర్‌లో పెట్టండి.

ఇంక వేరే మొక్కల హార్మోన్లైన అబ్సిసిక్ ఆసిడ్‌కో జిబ్బరెల్లిన్‌కో ఇదే స్కాన్ తీసి పీక్ ఏదని వెతుకుతుంటే ఆపేయండి, అవి ఇంత తేలిగ్గా ఆక్సిడైజ్ కావు, వాటికి యాంటీబాడీయో ఆప్టమరో (ఆ హార్మోన్‌నే పట్టుకునే డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ ముక్క) అంటించిన ఎలక్ట్రోడ్ కావాలి.